ముందుదీపమునకు ఎల్‌ఈడీ తగునా?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకును సీతాఫల్‌మండికిని నడుమ ఇరుకుసందులతో అల్లుకొని యున్న మా వారాసిగూడలో రాత్రివేళ బండి నడుపువానికి, విశాలమైన రహదారిమీద నడుపువానికి లేని బాధ్యత యొకటి కలదు. ఎదురుగా వచ్చువాడు పది గజముల దూరములోనే యుండును; పక్కకు తొలగుటకు వానికి చోటుండదు; వాని కన్నులు చెదరినచో వాడు పోయి తగులునది ఇంటిగోడకో, నిలిపియున్న ఆటోకో, ట్యూషను ముగించుకొని వచ్చుచున్న పిల్లకో. కావున కారుదీపమున ఎట్టి బల్బు వేయవలెనను ప్రశ్న, చూచుటకు కొన్ని వందల రూపాయల వ్యవహారమే యైనను, నా దృష్టిలో పౌరధర్మమునకు సంబంధించినది.

ఆ ప్రశ్నపై మా వీథిలోని మామాఅల్లుళ్లకు జరిగిన వాదమును ఇచ్చట పొందుపఱచుచున్నాను. మామగారు లాలాగూడ రైల్వే కర్మశాలలో విద్యుద్విభాగమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గొన్నవారు. అల్లుడు వారి చెల్లెలి కుమారుడు, మాదాపురములో కంప్యూటరు ఉద్యోగి. ప్రొద్దుపోయిన పిమ్మట తార్నాక మీదుగా ఇల్లు చేరువాడు. అతని పాత చిన్నకారు కుడివైపు ముందుదీపము మాడిపోయినది. రాణీగంజిలోని విడిభాగముల అంగడిలో వర్తకు డొకడు "పాత బల్బు ఎందుకు సార్, ఎల్‌ఈడీ జత వేసుకోండి, రాత్రి పగలైతది" అని యొక పెట్టెను చేతిలో పెట్టగా, నచ్చనిచో తిరిగి యిచ్చు షరతుపై దానిని ఇంటికి తెచ్చి మామగారి యెదుట నుంచినాడు. మాడిన బల్బును, క్రొత్త పెట్టెను బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టుకొనియే వా రిరువురును మాటాడిరి. ఆ సంభాషణమును నా భాషలోనికి మార్చుకొంటిని గాని, వాదములలో దేనికిని బలము కూర్చలేదు, దేనికిని బలము తగ్గింపలేదు.

అల్లుడు: మామయ్యా, మన యింటిలో తీగబల్బు కంటబడి యెన్నియేండ్లైనదో చూడుడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన పిమ్మట, మఱుసటి సంవత్సరమే ఆ నగరపు వీథిదీపములు వేలకొలదిగా ఎల్‌ఈడీలుగా మాఱినవి. అటుపిమ్మట మన హైదరాబాదు వీథులును ఆ దారినే పట్టినవి. తక్కువ విద్యుత్తు, ఎక్కువ వెలుతురు, దీర్ఘమైన మన్నిక: ఒక దీపమునుండి ఇంతకంటె మనము కోరునదేమి? నా కారులోని హాలొజెను బల్బు లో బీమ్‌లో 55 వాట్లు తిను. అందు వెలుతురుగా మాఱునది స్వల్పము, తక్కినదంతయు వేడియే. ఈ పెట్టెలోనిది అందు సగముతో పని నెఱవేర్చును. మాడిన దానిని మరల మాడు దానితోనే పూరించుట వివేకమా?

మామ: నాయనా, ఎల్‌ఈడీ గొప్పతనమును కాదను మూఢత్వము నాకు లేదు. నీలికాంతి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను, జపానులో పుట్టిన మువ్వురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము లభించినప్పుడు, జీవితమంతయు దీపములతో గడపినవాడను గనుక, నా యింటివారికే లభించినంత సంతోషించితిని. కాని నీవు ఇంటిదీపమును, వీథిదీపమును, బండి ముందుదీపమును ఒకే త్రాట కట్టుచున్నావు. ఇంటిదీపము చేయవలసినది నలుదెసలకు వెలుగు చిమ్ముట. ముందుదీపమునకు సగము పని వెలుగు నిచ్చుట, తక్కిన సగము పని వెలుగును ఆపుట. ఎక్కడ పడవలెనో అక్కడ పడి, ఎక్కడ పడరాదో అక్కడ పడకుండుటయే దాని శిల్పము. ఆ రెండవ సగము నీ పెట్టెమీద ఎక్కడను వ్రాయబడి యుండదు.

ఇట్లని మామగారు మాడిన బల్బును గుడ్డతో పట్టుకొని కిటికీ వెలుతురునకు ఎత్తిరి. అది హెచ్ 4 అను జాతికి చెందినది. యూరపులో 1971 ప్రాంతమున పుట్టి, మన దేశపు చిన్నకార్లలో నేటికిని విస్తారముగా కనబడునది. క్వార్ట్జు గాజుగొట్టము కొన నల్లగా పూయబడి యున్నది. లోపల రెండు టంగ్‌స్టన్ తీగచుట్టలు, ఒకటి ముందు, ఒకటి వెనుక. ముందున్న చుట్ట క్రింద, అరచేతిలో పట్టిన ప్రమిదవలె, చిన్న లోహపు దొప్ప. తెగినది ఆ చుట్టయే. అడుగున గుండ్రని కాలరు, దానికి మూడు చెవులు; వానిలో ఒకటి వెడల్పైనది, బల్బు హోల్డరులో ఒక్క విధముగ తప్ప మఱియొక విధముగ కూర్చుండకుండుటకై.

మామ: ఈ దొప్పను చూడుము. లో బీమ్ వెలుగునప్పుడు తీగనుండి క్రిందికి పోవు కాంతిని ఇది అడ్డగించును. అడ్డగింపనిచో ఆ కాంతి రిఫ్లెక్టరు క్రింది సగమునకు తగిలి పైకి లేచి, ఎదుటివాని కంటిలో పడును. ఈ తీగ రిఫ్లెక్టరు నాభికి కొంచెము ముందు నిలుపబడినది గనుక, పై సగమునకు తగిలిన కాంతి వంగి నేలకు దిగును. హై బీమ్ తీగ వెనుక, నాభికడ నున్నది. దానికి దొప్ప లేదు. కనుక దాని కాంతి తిన్నగా దూరమునకు పోవును. దొప్ప యొక్క ఒక యంచును 15 డిగ్రీలు వాల్చి కోసిరి. మనము రోడ్డునకు ఎడమవైపున నడచు దేశమువారము గనుక, ఆ ఎడమ అంచున నడచు పాదచారిని చూపుటకై అటు కొంత వెలుగు పైకి లేచునట్లు. ఇన్ని యాలోచనలు ఈ బొటనవ్రేలంత గాజులో ఇమిడి యున్నవి. రిఫ్లెక్టరు ఈ తీగ కొలతకు, ఈ తీగ స్థానమునకు కోయబడినది. ఒకరి చూపునకు చేసిన కళ్లద్దము మఱియొకరికి పనికిరానట్లే, అది వేఱొక కాంతిమూలమునకు పనికిరాదు.

అల్లుడు: ఈ సంగతి ఎల్‌ఈడీ చేయువారికి తెలియదా? ఇదిగో చూడుడు, చిప్పులను సరిగా తీగ యున్నచోటనే అమర్చిరి. ముందు జతకు క్రింద మీ దొప్పవంటి దొప్పయే పెట్టిరి. కాలరును అదే, మూడు చెవులును అవియే.

మామ: రూపము అదియే, స్వరూపము వేఱు. తీగ సన్నని స్తూపము. తన చుట్టును అన్ని దిక్కులకు సమముగ వెలుగు నిచ్చును. ఇది పలుచని లోహపు పలకకు ఇరువైపుల అతికిన పసుపుపచ్చని బిళ్లలు. అటొక ముఖము, ఇటొక ముఖము. ఆ రెంటి నడుమ పైనను క్రిందను కాంతి కొఱవడిన నీడ. పలక ఎంత పలుచనిదైనను ఆ రెండు ముఖముల నడుమ ఒకటి రెండు మిల్లీమీటర్ల యెడముండును. చేతిలో నున్నప్పుడు మిల్లీమీటరు అల్పమే. రిఫ్లెక్టరు నాభికడ మిల్లీమీటరు తప్పినచో, దూరమునకు పోవుసరికి ఆ తప్పు ఎన్నియో అడుగులుగా పెరుగును. అందుచేతనే ఇట్టి బల్బులు వేసిన కార్ల యెదుట గోడమీద చూచినచో, చీకటికిని వెలుగునకును నడుమ నుండవలసిన గీత చెదరి, పైభాగమున కాంతి మరకలు కనబడును. ఆ మరక పడుచోటనే ఎదుటి స్కూటరువాని కన్నుండును.

అల్లుడు: మంచి రకపు బల్బులో ఆ మరక తక్కువగానే యుండునని చెప్పుదురు.

మామ: తక్కువగా నుండు వానిని నేనును చూచితిని. కాని నీ పెట్టెమీద వ్రాసిన మాట చదువుము. 20,000 లూమెనులట! ప్రమాణము ప్రకారము హెచ్ 4 బల్బు లో బీమ్‌లో ఇచ్చునది ఇంచుమించు 1,000 లూమెనులు, హై బీమ్‌లో 1,650. నేటి చిప్పు వాట్టు ఒక్కింటికి నూఱో నూటయేబదియో లూమెనులు ఇచ్చునను కొందము. ఆ లెక్కను 20,000 లూమెనులకు తక్కువలో తక్కువ 130 వాట్లు వలయును, వాడుకలో ఇంకను ఎక్కువే. 12 వోల్టుల బండిలో అది 11 ఆంపియరులకు పైబడును. అంత కరెంటు ఈ సన్నతీగలలో పాఱినచో నీ ఫ్యూజే కొట్టివేయును. ఇట్లు మొదటి పంక్తిలోనే అసత్యము వ్రాసినవాడు, చిప్పు స్థానమును మాత్రము మిల్లీమీటరులో పదవవంతు తప్పకుండ నిలిపియుండునని నే నెట్లు నమ్ముదును?

ఈ లెక్క విని అల్లుడు కొంతసేపు పెట్టెను త్రిప్పి త్రిప్పి చూచినాడు. ఆ విధముగ కాగితముమీద గుణించి చూచు అలవాటు కొనువారిలో వ్యాపించినచో అంగడివారి అట్టపెట్టెలు ఒక్క సంవత్సరములో మాఱిపోవునని నా నమ్మకము. కాని అతని వాదము అంతటితో కుంగిపోలేదు. తరువాత అత డడిగిన ప్రశ్న న్యాయమునకు సంబంధించినది. దానిని నేను తేలికగా త్రోసివేయజాలను.

అల్లుడు: సరే. అట్లైనచో ఇరువది లక్షల కారు కొనినవానికి ఎల్‌ఈడీ కాంతి కర్మాగారమునుండియే వచ్చును. వాడు తార్నాక చౌరస్తాలో నా కన్నులు చెదరగొట్టి పోవును. వానిని ఎవరును తప్పుపట్టరు. పాతకారు గలవాడు కొన్ని వేలు కూడబెట్టి అదే వెలుగును తెచ్చుకొనినచో అది నేరము! వెలుగు ధనికుని సొత్తా, మామయ్యా?

మామ: నీ బాధలో న్యాయమున్నది. కాని భేదము ధనములో లేదు, దీపములో నున్నది. 2007లో లెక్సస్ వారి పెద్దకారులో మొదటిసారి లో బీమ్‌నకు ఎల్‌ఈడీలు వచ్చినప్పుడు వారు పాత డూమ్‌లో, అనగా పాత దీపపు గూటిలో, క్రొత్త బల్బు దూర్చలేదు. చిప్పు కొలతకు తగిన కటకములు, రిఫ్లెక్టరులు, వేడిని లాగు లోహపు రెక్కలు, అన్నియు నూతనముగ నిర్మించిరి. అక్కడ చిప్పును, అద్దమును, కటకమును కలిసి యొక్క దీపము. నీవు చేయదలచినది ఒకరి తల మఱియొకరి మొండెమునకు అతికించుట. ఐనను ఒక్కటి ఒప్పుకొందును. ఎత్తైన బండ్లు ఎక్కువైనవి. వాని దీపములు స్కూటరువాని కంటికి సరిగా సమానమైన ఎత్తున నున్నవి. ప్రమాణములకు లోబడిన దీపము సైతము మిట్ట యెక్కునప్పుడు, వెనుకసీటు నిండుగా మనుష్యులున్నప్పుడు పైకి లేచి కన్నులను బాధించును. వారి తప్పును నేను సమర్థింపను. దానిని చూపి మనము రెండవ తప్పు చేయరాదు.

అల్లుడు: మీరు ఎదుటివాని కన్నునే తలచుచున్నారు, నా యెదుట నడచువాని ప్రాణమును తలచుట లేదు. ఆర్ట్స్ కళాశాల ముందునుండి వసతిగృహముల వైపునకు పోవు బాటలలో ఎంత చీకటి యుండునో మీకు తెలియనిదా? చెట్ల నీడలో నల్లని చొక్కా తొడిగిన విద్యార్థి చెవులలో పాట పెట్టుకొని బాట దాటును. నా పాతదీపపు పచ్చని మసకవెలుతురులో వాడు పది బారల దూరమునకు వచ్చువఱకు కనబడడు. వానిని ముందుగా చూచుట నా ధర్మము కాదా?

మామ: ఇది నీవు చెప్పిన మాటలలో మేలైనది. చూడవలసినదే. కాని నీ దీపము మసకగా నుండుటకు కారణము హాలొజెను జాతి దోషమా, నీ బండి దోషమా యని యెన్నడైన విచారించితివా? బ్యాటరీనుండి స్టీరింగు క్రింది స్విచ్చికి, అక్కడినుండి మరల ముందునకు, పదునాలుగేండ్ల సన్నతీగలలో, చిలుము పట్టిన కప్లరులలో నడచి నడచి బల్బును చేరునప్పటికి కరెంటు అలసిపోవును. తీగబల్బునకు వోల్టేజి నూటికి 10 వంతులు తగ్గినచో వెలుతురు నూటికి 30 వంతులు తగ్గును. అదే వోల్టేజి కొంచెము పెరిగినచో వెలుతురు పెరుగును గాని, ఆయువు వేగముగ తఱుగును. నూటికి 5 వంతులు పెరిగినచో బల్బు సగము కాలమే బ్రదుకును. కనుక మొట్టమొదట చేయవలసినది ఇంజను నడచుచుండగా, దీపము వెలుగుచుండగా, బల్బు హోల్డరుకడనే మీటరు పెట్టి వోల్టేజి కొలుచుట. తగ్గియున్నచో, మంచి ఆటో ఎలక్ట్రీషియనుచేత బ్యాటరీనుండి లావైన తీగ తిన్నగా తెప్పించి, రిలే పెట్టింపుము. ఫ్యూజు మఱవకుండ పెట్టింపుము. అప్పుడు స్విచ్చిమీద భారము పడదు, బల్బునకు పూర్తి వోల్టేజి అందును.

అల్లుడు: ఎల్‌ఈడీకి ఆ బాధయే లేదు గదా! దానిలో డ్రైవరు పరికరము వోల్టేజి తగ్గినను కరెంటును సమముగ నిలుపును.

మామ: నిజమే. ఆ సుగుణము దానియందున్నది, నేను దాచను. కాని అది నీ చిలుము పట్టిన కప్లరును బాగుచేయదు, కప్పిపుచ్చును. ఇక రెండవ సంగతి. నీ డూమ్ గాజు (గాజు అనుట అలవాటు, అది ప్లాస్టిక్కే) హైదరాబాదు ఎండలకు పసుపుబాఱి పొగచూరినట్లున్నది. ఆ మసకపొర కాంతిని ముందునకు పోనీయక నలుదెసలకు వెదజల్లును. దానిని సన్నని నీటికాగితముతో అరగదీసి పాలిషు చేయించి, పైన ఎండకాపు పూత వేయించుటకు కొద్దిపాటి ఖర్చే. మూడవది, దీపపు వాలు. సమతలమున గోడకు 10 మీటర్ల దూరమున బండి నిలిపి చూడుము. లో బీమ్ పైగీత, దీపపు ఎత్తుకంటె 10 సెంటీమీటర్లు క్రిందుగ గోడపై పడవలెను. దీపము నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో, ఆ వాలున పోవు వెలుగు 70 మీటర్లకు నేలను తాకును. స్టీరింగు పక్కన దీపపు వాలును మార్చు చిన్న చక్రమును 3 అంకెకు త్రిప్పి మఱచిపోయినవారి కారులో అది ముప్పది నలుబది మీటర్లకే వాలిపోవును. అట్టివారు బల్బును నిందింతురు. ఈ మూడును చేసిన పిమ్మట నీ విద్యార్థి ఎంత దూరమున కనబడునో చూడుము.

అల్లుడు: ఐనను తెల్లని వెలుగులో బాట చక్కగా కనబడినట్లుండునే!

మామ: "కనబడినట్లు" అంటివి, అది సరియైన మాట. తెల్లని ఎల్‌ఈడీ యనగా నీలిచిప్పుపై పసుపు పూత. దాని కాంతిలో నీలిపాలు మెండు. బండి ముందు పది పదునైదు మీటర్ల నేల మిక్కిలి ధగధగ మెఱయును. ఆ మెఱపునకు నీ కంటిపాప ముడుచుకొనును. ముడుచుకొనిన కన్ను అరువది మీటర్ల అవతలి చీకటిని చూడలేదు. దగ్గర వెలిగినంత మాత్రమున దూరము వెలిగినట్లు మనస్సు తృప్తి పడును. ఇక ఎదుటివాని సంగతి. కాంతి తగిలినప్పుడు కంటిపాప ముడుచుకొనుటకు రెప్పపాటు చాలును; మరల విప్పారి చీకటికి అలవడుటకు సెకనులు పట్టును, నా వయసువారికి ఇంకను ఎక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చు స్కూటరు 3 సెకనులలో 33 మీటర్లు సాగును. ఆ 33 మీటర్లు వాడు గ్రుడ్డివాడై నడపును. మన సందులో అంత దూరమునకు ఎన్ని గడపలున్నవో నీవే లెక్కించుకొనుము.

నేను ఆ చోట ఒక మాట చేర్చవలసి యున్నది. శుక్లములు పక్వమగుచున్న కంటిలోని కటకము మబ్బుపట్టిన అద్దమువంటిది. వెలుగు దానిలో చెదరి, ఎదుట నంతయు తెల్లని తెర వ్రాలును. తెల్లవాఱకముందే ప్రాంగణమున నడచు వృద్ధులలో అట్టివారు తక్కువ కారు. వారు దీపమును చూచి తలదించుకొని నిలిచిపోవుదురు. బండివాడు తనకు దారి యిచ్చిరనుకొని సాగిపోవును.

అల్లుడు: అట్లైన హాలొజెనులోనే బలమైనది, 100/90 వాట్లది, వేయింతునా? రాణీగంజిలో అదియు దొరకును.

మామ: వలదు. ఆ వ్యామోహము నీకంటె ముందటి తరమును చెఱచినది. ఆ రోజులలో 60/55 తీసి 100/90 వేసినవారి హోల్డరులు కరగినవి, తీగల తొడుగులు మాడినవి, రిఫ్లెక్టరుల వెండిపూత కందినది. కన్ను చెదరుట తగ్గించుటకై ఆ కాలమున దీపముల పై సగమునకు నల్లరంగు పూయించు పద్ధతి దేశమంతట నుండెడిది. రోగము బల్బులో, మందు గాజుమీద! నేడు బల్బు మాఱినది గాని రోగము మాఱలేదు.

అల్లుడు: మఱి చట్టము ఊరకున్నదేమి? అంగడిలో బాహాటముగ అమ్ముచున్నారు గదా.

మామ: చట్టము ఊరకుండలేదు, మనము చదువలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 106వ నియమము ఉన్నది. బండి ముందు వెలుగు చూపు దీపమేదైనను, దాని కాంతి శాశ్వతముగ క్రిందికి వంగి, దీపమునకు 8 మీటర్ల ముందు, దీపపు కుడియంచునకు 0.5 మీటరు ఆవల, నేలకు 1.5 మీటర్ల ఎత్తున కన్ను గల మనుష్యుని చెదరగొట్టజాలని విధముగ ఆ దీపము నిర్మింపబడి, అమర్పబడి, పోషింపబడవలెనని దాని భావము. 8 మీటర్లు, అర మీటరు, మీటరున్నర: ఇంత స్పష్టముగ సామాన్యుని కంటినే కొలతగా చేసిన నియమము నాకు మఱియొకటి కనబడలేదు. ఇక 1988 చట్టమునకు 2019లో చేసిన సవరణచే వచ్చిన 182ఏ నిబంధన, అనుమతి లేని మార్పు బండికి చేసిన యజమానికి, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జుల్మానాయో, ఆరునెలలవఱకు కారాగారమో, రెండునో విధింపవచ్చు ననుచున్నది.

అల్లుడు: బల్బు మార్చుట బండిని మార్చుట యగునా? అది వకీళ్ల వాదము.

మామ: ఆ వాదము వారికే విడువుము. 106వ నియమము మనకు చాలును. అంగడిలో దొరకుట అనుమతి కాదు.

అల్లుడు: అన్ని దేశములును ఇంత కఠినముగ నున్నవా? 2020లో జర్మనీలో ఓస్రామ్ వారి హెచ్ 7 ఎల్‌ఈడీ బల్బునకు రోడ్డుమీద వాడుటకు అనుమతి లభించినది గదా. అక్కడి కన్నులు వేఱా?

మామ: బాగుగ తెలిసికొనియే వచ్చితివి. ఆ అనుమతి ఎట్టిదో కూడ చెప్పుము. ఏ కారు, ఏ నమూనా, ఏ దీపములో ఆ బల్బును పరీక్షించి కాంతి సరిగ పడుచున్నదని తేల్చిరో, ఆ పట్టికలోని కార్లకు మాత్రమే అది చెల్లును. పట్టికలో లేని కారున అదే బల్బు అక్రమము. బ్రిటనులో 2021 నుండి, హాలొజెనుకై చేసిన ముందుదీపములో ఎల్‌ఈడీ వేసిన కారును ఏటేటి పరీక్షలో తప్పింతురు. ఇరువురును చెప్పునది ఒక్కటే: బల్బును కాదు, బల్బును డూమ్‌ను కలిపి పరీక్షింపవలె.

అల్లుడు: అట్లైన ఆ పరీక్షను మనకును ఏల పెట్టరాదు? పూనాలో వాహనములను పరీక్షించు ఏఆర్‌ఏఐ సంస్థ యున్నది. మన దేశమున హెచ్ 4 దీపముగల పాతకార్లు అనేకములు. వానికి తగిన బల్బులను పరీక్షించి ముద్రవేసి యిచ్చినచో, ప్రజలు పెట్టెమీది అసత్యములను ఏల నమ్ముదురు? కూడదని చెప్పి యూరకుండుట సగము పాలనయే.

మామ: ఈ మాటకు నీతో ఏకీభవింతును. అట్టి ముద్ర గల బల్బు నీ కారు పేరుతో వచ్చిన దినమున, నేనే డబ్బిచ్చి వేయింతును.

మామగారు ఇంతవఱకు గెలుచుచు వచ్చి, ఇక్కడ అల్లునికి చోటిచ్చిరి. అల్లుని ఈ కోరికయే ఈ సంవాదమునకు ప్రాణమని నాకు తోచుచున్నది. అతడు అంతటితో ఆగక, వాదమును ముందుదీపమునుండి తక్కిన దీపములపైకి త్రిప్పినాడు.

అల్లుడు: బ్రేకు దీపము సంగతి యేమి? అక్కడ నెవరి కన్ను చెదరును? తీగ కాగి పూర్తిగ వెలుగుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. ఎల్‌ఈడీ తొక్కినంతనే వెలుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నా వెనుక వచ్చువానికి ఆ అయిదవ వంతు సెకనులో మూడు మీటర్లకు పైగా దూరము మిగులును. ఒక స్కూటరు నిడివికంటె ఎక్కువ!

మామ: ఇచ్చట నీదే పైచేయి. దీపములు రెండు విధములు: మనము చూచుటకై వెలిగించునవి కొన్ని, మనము కనబడుటకై వెలిగించునవి కొన్ని. రెండవ విధపు వానిలో, అనగా బ్రేకు, నంబరుపలక, లోపలి కప్పుదీపములలో, ఎల్‌ఈడీ మిక్కిలి మేలు, మన్నికయు నెక్కువ. జాగ్రత్తలు మాత్రము చెప్పెదను. ఎఱ్ఱగాజు వెనుక తెల్లని ఎల్‌ఈడీ పెట్టకుము. దాని కాంతిలో ఎఱుపుపాలు తక్కువ. ఎఱ్ఱగాజు తక్కినదంతయు మ్రింగివేయగా, మిగులునది నీరసమైన వెలుగు. ఎఱుపు ఎల్‌ఈడీనే పెట్టుము. పెట్టిన పిమ్మట ఒకరిని బ్రేకు త్రొక్కుమని, నీవు వెనుకను, పక్కలను నిలిచి చూడుము. వెనుక దీపమునకును బ్రేకు దీపమునకును తేడా పట్టపగలు సైతము తెలియవలెను.

అల్లుడు: ఇండికేటరులకు?

మామ: అది విడిచిపెట్టుము. 21 వాట్ల తీగబల్బు తిను కరెంటును బట్టి ఫ్లాషరు నడచును. ఎల్‌ఈడీ తక్కువ తినుటచే, బల్బు మాడినదని తలచి ఫ్లాషరు గబగబ కొట్టుకొనును. దానికి మందుగా అంగడివారు 6 ఓముల నిరోధకము తగిలింతురు. అది 12 వోల్టులకు 24 వాట్లు వేడిగా మార్చి, తగిలిన ప్లాస్టిక్కును కరగించును. పొదుపు చేయబోయి, పొదుపైనదంతయు వేడిచేసి పాఱవేయుట! ఎల్‌ఈడీకి తగిన ఫ్లాషరు నీ కారునకు దొరకినచో అప్పుడు ఆలోచింపుము.

అల్లుడు: పొదుపు మాట వచ్చినది గనుక అడుగుచున్నాను. ముందుదీపములలో మిగులు అరువది వాట్లవలన పెట్రోలు మిగులదా?

మామ: అశ్వశక్తి యొక్కటి 746 వాట్లు. నీకు మిగులునది అందు పదియవ వంతునకు లోపలిదే. మైలేజీలో నీ కంటికి కనబడదు. పైగా ఎల్‌ఈడీ వేడి ముందునకు పోదు. వెనుకకు దిగి, బల్బు వెనుకనున్న చిన్న ఫ్యాను మీద ఆధారపడును. ఆ ఫ్యాను వెనుకకు పొడుచుకొని వచ్చుటచే డూమ్ వెనుకనున్న రబ్బరుమూత సరిగ పట్టదు. వానకాలమున తడి, ఎండకాలమున దుమ్ము లోనికి పోవును. మే నెలలో నలుబది డిగ్రీల యెండలో, ఇంజను పక్కన, దుమ్ము పట్టిన ఫ్యానుతో ఆ చిప్పు పెట్టెమీది 30,000 గంటలు బ్రదుకునా? చిప్పు వేడెక్కినకొలది దాని వెలుగు తఱుగును, ఆయువును తఱుగును.

అటుపిమ్మట వాదము సన్నగిల్లి, పనిలోనికి దిగినది. అల్లుడు ఆ పెట్టెను రాణీగంజిలో తిరిగి యిచ్చి, పేరుగన్న సంస్థవారి హెచ్ 4 బల్బులు 60/55 వాట్లవి రెండు తెచ్చినాడు. ఒక్కటి మాడినను జతగా మార్చుటయే మేలు, ఏలన రెండవదియు అదే వయస్సునది. బల్బు గాజును చేతితో ముట్టరాదు, వ్రేలి జిడ్డు అంటిన చోట క్వార్ట్జు అమితముగ వేడెక్కి పగులునని మామగారు ముందే హెచ్చరించిరి. ఎలక్ట్రీషియను మీటరు పెట్టగా, హోల్డరుకడ వోల్టేజి నిజముగనే కొఱవడి యున్నది. రిలే పెట్టినాడు, కప్లరు మార్చినాడు. బ్రేకు దీపములలో ఎఱుపు ఎల్‌ఈడీలు అల్లుని యిష్టము చొప్పుననే పడినవి. తుది ఫలితమును నేనును చూచితిని: పచ్చని వెలుగే, కాని గోడమీది గీత సూటిగ, చెదరక నిలిచినది, పైభాగము చీకటిగ నున్నది.

నా తీర్పు మామగారి పక్షమే. కాని పరీక్షింపబడిన బల్బులకై అల్లుడు చేసిన విజ్ఞప్తి నెఱవేఱువఱకు ఆ తీర్పు సంపూర్ణము కాదు. ఇప్పటికే ముందుదీపములలో ఎల్‌ఈడీ జత అమర్చుకొనిన పాఠకులను ఒక్కటి కోరుచున్నాను. ఈ రాత్రియే బండిని సమతలమున నిలిపి, లో బీమ్ వెలిగించి, 8 మీటర్లు ముందునకు నడచి, దీపపు కుడియంచునకు అర మీటరు ఆవల నిలిచి, నేలకు మీటరున్నర ఎత్తున కన్ను నుంచి మీ దీపమును మీరే చూడుడు. కన్ను చెదరినచో ఆ జతను రేపే తీయింపుడు.